వెడల్పు కాళ్ళా? ఇరుకు బూట్లా?

మా పాప కాళ్ళు వెడల్పట. గత మూడు నెలల్లో ఈ సంగతి నాకు ఏడుగురు చెప్పారు. అందులో ఆరుగురు చెప్పుల అంగళ్ళలో పనిచేసే కుర్రాళ్ళు, ఏడో ఆవిడ ప్లేస్కూలు మేడమ్. "బేబీది ఫుట్ కొంచెం బ్రాడ్ సార్" అని గొంతు తగ్గించి చెప్తారు చూడండి, అదేదో స్కానింగ్ రిపోర్టు చదివి చెప్పినట్టు. వెనకాలే ఒక జాలి చూపు. మా ఆవిడ చూపు మాత్రం నా కాళ్ళ మీదికి పోతుంది. (అవును, వంశపారంపర్యమే. మా నాయన నడిస్తే గెనిమ వెడల్పవుతుందని మా జేజి ఎగతాళి చేసేది.)

ఏడుగురిలో ఒక్కరు కూడా "మా బూట్లు ఇరుకు సార్" అనలేదు. ఈ టపా అంతా వాళ్ళు అనని ఆ మాట గురించే.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ రోగం బాగా తెలుసు. మన తెలుగువాళ్ళలో రెండక్షరాల ఇంటిపేర్లు బోలెడు. ఏదో విదేశీ వెబ్‌సైటులో ఫారం నింపబోతే ఎర్రక్షరాలతో "మీ పేరు చెల్లదు" అని వస్తుంది. తాతలనాటి పేరు చెల్లకపోవడమేంటండీ? ఆ ఫారం రాసినవాడు ఇంటిపేరుకి కనీసం మూడక్షరాలుంటాయని అనుకున్నాడు, అంతే. వాడు అనుకున్నది మనకు పట్టకపోతే తప్పు మనదైపోయింది. బూట్ల సంగతీ సరిగ్గా ఇదే. కాకపోతే ఇక్కడ ఎర్రగా అయ్యేది అక్షరాలు కాదు, రెండేళ్ళ పిల్ల చిటికెన వేలు.

సరే, అసలు కథలోకి వద్దాం.

మాది పెద్దతిప్పసముద్రం. పేరు పలకడానికి ఓపిక లేనివాళ్ళంతా పీటీఎం అంటారు. మదనపల్లెకి అవతల, కర్ణాటక సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది. మా వైపు చదువుకున్న పిలకాయల్లో చాలామందిలాగే నేనూ బెంగుళూరులో తేలాను. పాపకి ఇప్పుడు రెండేళ్ళ మూడు నెలలు. వేసవి నుంచి మా వీధిలోనే ఒక ప్లేస్కూలుకి వెళ్తోంది. వాళ్ళ నియమాల్లో ఒకటి: నల్లటి, ముందు మూసి ఉండే బూట్లు, తెల్ల సాక్సులు. బూట్లు కూడా యూనిఫాంతో పాటు వాళ్ళే ఇస్తారు. వయసు చెప్తే చాలు, సైజు వాళ్ళే నిర్ణయిస్తారు!

మొదటిరోజు గంటసేపు వేసుకుని ఇంటికొచ్చింది. సాక్సు తీసి చూస్తే చిటికెన వేలు పక్కవేలి కిందకి దూరిపోయి ఉంది. పాదం పక్కన బూటు కుట్టు అచ్చు ఎర్రగా గీతలా పడింది. విచిత్రమేమిటంటే పాప ఏడవలేదు. మూడోరోజుకి మాత్రం బూట్ల పెట్టె కనిపిస్తే చాలు, మంచం కిందకి దూరిపోవడం మొదలెట్టింది. స్కూలు వాళ్ళేమో "పిల్లలు మొదట్లో అలాగే మారాం చేస్తారు, అలవాటైపోతుంది" అన్నారు. అలవాటవుతుందనడంలో అబద్ధం లేదు. అలవాటయ్యేది పాపకా, ఆమె ఎముకలకా అన్నదే నా ప్రశ్న.

ఎందుకంటే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన రెండు విషయాలు చెప్పారు. పెద్దవాళ్ళ పాదంలో 26 ఎముకలుంటాయి. రెండేళ్ళ పిల్లల్లో వాటిలో చాలా భాగం ఇంకా మెత్తటి మృదులాస్థి. పూర్తిగా గట్టిపడేది పదిహేను దాటాకే. అందుకని ఇరుకు బూటు వేస్తే పెద్దవాళ్ళకి పుట్టినంత నొప్పి పసిపిల్లలకి పుట్టకపోవచ్చు. వేలు చెప్పినట్టు వింటుంది, పక్కకి ఒదిగిపోతుంది. కాబట్టి "పాప ఏమీ అనట్లేదుగా" అన్నది కొలత కాదు. రెండోది, ఈ వయసులో పాదం అడుగున కొవ్వు మెత్తలా ఉంటుంది, అరికాలు చదునుగా కనబడుతుంది, ముందుభాగం విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. అది జబ్బు కాదు, పసిపాదం ఆకారమే అంత. చదును కూడా ఐదారేళ్ళకి చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది.

మీకు నమ్మకం కుదరకపోతే కృష్ణాష్టమి నాడు వాకిట్లోంచి దేవుడి గూటిదాకా వేసే బుల్లి పాదాలు గుర్తు తెచ్చుకోండి. పిడికిలి బిగించి, దాని పక్కభాగం బియ్యప్పిండి నీళ్ళలో ముంచి నేల మీద అద్ది, పైన వేలికొసతో ఐదు చుక్కలు పెడతారు. మడమ దగ్గర సన్నం, వేళ్ళ దగ్గర వెడల్పు. పసివాడి కాలు ఎలా ఉంటుందో ఆ పిండి ముగ్గేసే ఆడవాళ్ళకి తెలిసినంత కూడా బూట్ల డిజైనర్లకి తెలీదా అనిపిస్తుంది. వాళ్ళు చేసేవి దానికి సరిగ్గా తిరగేసి ఉంటాయి. మడమ దగ్గర లూజు, ముందు మొన.

ఇక శనాదివారాలు అంగళ్ళ చుట్టూ తిరగడం మొదలెట్టాం. ఇంజనీరు బుద్ధి కదా, ముందు పాప కాలు కొలిచాను. పొడవు 13.8 సెంటీమీటర్లు, వేళ్ళ మొదట్లో వెడల్పు 6.6. అంగట్లో ఆ కాగితం చూపిస్తే కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి "ఏజ్ ఎంత సార్?" అన్నాడు. ఇంకో అంగట్లో ఇనప స్కేలు లాంటిది తెచ్చి పొడవు మాత్రం కొలిచి "ఆరు" అన్నాడు. వెడల్పో అంటే, "రెండు సైజులు పెద్దది తీసుకోండి సార్, వెడల్పు దానంతటదే వస్తుంది. ముందు దూది పెట్టుకోండి" అన్నాడు.

ఈ దూది సలహా నాకు ఆరు అంగళ్ళలో నాలుగింట్లో దొరికింది. అది ఎందుకు పనికిరాదో లెక్క వేసి చూద్దాం. మన దగ్గర నడిచేది బ్రిటిష్ సైజులు. వాటి మూలం బార్లీ గింజ. నిజమండీ. మూడు బార్లీ గింజలు వరసగా పెడితే ఒక అంగుళం అని ఇంగ్లాండులో పాత లెక్క. అందుకే ఒక సైజుకీ ఇంకో సైజుకీ తేడా అంగుళంలో మూడోవంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. పిల్లల సైజులు 4 అంగుళాల దగ్గర సున్నాతో మొదలై, 13 దాకా వెళ్ళి, మళ్ళీ పెద్దవాళ్ళ ఒకటితో మొదలవుతాయి. (ఈ లెక్క రాసినవాణ్ణి మా టీమ్‌లో ఇంటర్వ్యూకి పిలిస్తే మొదటి రౌండు దాటనివ్వం.) యూరప్ వాళ్ళది ఇంకో లెక్క, సైజుకి సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. బ్రిటిష్ 6 అంటే సుమారు యూరప్ 23.

ఆ లెక్కన 6 సైజు బూటుని చేసే అచ్చు పొడవు 15.2 సెంటీమీటర్లు. మా పాప కాలు 13.8. ముందు 14 మిల్లీమీటర్ల ఖాళీ. మామూలుగా ఉండాల్సింది 10 నుంచి 12 మిల్లీమీటర్లు. కాబట్టి పొడవులో 6 సైజు బానే సరిపోతుంది. అదే 8 సైజు తీసుకుంటే ఖాళీ 31 మిల్లీమీటర్లు! బూటు వంగాల్సిన చోటు వేళ్ళ మొదట్లో కాకుండా వేళ్ళ చివరికి పోతుంది. అడుగు తీసి వేసినప్పుడల్లా ముందుకొన నేలకి తగులుకుంటుంది. అంతా చేసి వెడల్పు పెరిగేది ఎంతయ్యా అంటే, నేను అంగట్లో అట్టలు బయటికి లాగి కొలిచినవాటిలో సైజుకి 2 మిల్లీమీటర్లు, మహా అయితే 3. 6 సైజు లోపలి అట్ట వెడల్పు 5.7 వచ్చింది, 8 సైజుది 6.2. అంటే పాప బోర్లా పడడానికి పూర్తి ఏర్పాటు చేసినా చిటికెన వేలికి ఇంకా 4 మిల్లీమీటర్ల చోటు దొరకలేదు.

పొడవు, వెడల్పు రెండు వేరే వేరే కొలతలు. ఒకదాన్ని పెంచి రెండోదాన్ని సాధించడం, ప్యాంటు నడుము బిగుతుగా ఉందని పొడవు ఎక్కువున్న ప్యాంటు కొనడం లాంటిది.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదు. అమెరికాలో చార్లెస్ బ్రానాక్ అనే ఆయన 1920లలోనే తన తండ్రి బూట్ల దుకాణం కోసం పాదం పొడవు, వెడల్పు, కమాను మూడూ ఒకేసారి కొలిచే లోహపు పలక తయారు చేశాడు. అక్కడి దుకాణాల్లో అది దశాబ్దాలుగా వాడుకలో ఉంది. బ్రిటన్‌లో పిల్లల బూట్లకి సైజు అంకె పక్కన ఎఫ్, జి, హెచ్ అని వెడల్పు అక్షరం ఉండే రకాలున్నాయి. జపాన్‌లో పిల్లల బూట్ల మీద నేరుగా సెంటీమీటర్లే వేస్తారు. పొడవు, వెడల్పు రెండూ మిల్లీమీటర్లలో రాసే మోండోపాయింట్ అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. డల్లాస్‌లో ఉన్న మా స్నేహితుడికి ఫోన్ చేస్తే, "మావాడికి ఎక్స్‌ట్రా వైడ్ అని పెట్టె మీదే రాసి ఉంటుంది, దుకాణంలో నిలబెట్టి కొలిచి ఇచ్చారు" అన్నాడు. ఇదెక్కడి న్యాయమండీ? కాలు మనవాడిదే. అమెరికాలో ఉంటే దానికొక అక్షరం దొరుకుతుంది, బెంగుళూరులో ఉంటే జాలి చూపు దొరుకుతుంది.

ఇంకా తమాషా ఏమిటంటే బూట్లు తయారయ్యేది ఎక్కడో కాదు. మన కుప్పం నుంచి సరిహద్దు దాటితే వాణియంబాడి, ఆంబూరు. ఇంకొంచెం పోతే రాణిపేట. తోలుకీ బూట్లకీ ఈ దేశంలో పేరుమోసిన ఊళ్ళు. అక్కడ కుట్టిన బూట్లు యూరప్‌కి ఓడలెక్కుతాయి. ఇటు తడ దగ్గర మాంబట్టులో అపాచీ కంపెనీ అడిడాస్ కోసం బూట్లు చేస్తుంది. అంటే చేసే చేతులు మనవే, మన పక్క ఊళ్ళవే. బూటుకి ఆకారం ఇచ్చేది మాత్రం లోపల పెట్టే అచ్చు. దాన్ని లాస్ట్ అంటారు, పూర్వం చెక్కతో చేసేవాళ్ళు, ఇప్పుడు ప్లాస్టిక్. పైతోలుని దాని మీదికి లాగి బిగించి కింద అడుగు అతికిస్తారు. అచ్చు ఎవరి కాలుదో బూటు వాళ్ళది.

మనవాళ్ళ కాళ్ళకి అచ్చు చేయాలని ఎవరికీ తోచలేదా అంటే, తోచింది. మద్రాసు అడయారులో 1948 నుంచి ఉన్న కేంద్ర తోలు పరిశోధనా సంస్థ, సీఎల్ఆర్ఐ, డిసెంబరు 2021 నుంచి మార్చి 2022 దాకా దేశమంతా 79 చోట్ల 1,01,880 మంది కాళ్ళని త్రీడీ స్కానర్లతో కొలిచింది. తేలిందేమిటయ్యా అంటే, సగటున మనవాళ్ళ పాదాలు యూరప్, అమెరికా వాళ్ళకన్నా వెడల్పు. ఇన్నాళ్ళూ మనకి దొరుకుతున్నవి వెడల్పు తక్కువ బూట్లు కావడంతో జనం అవసరానికి మించిన పొడవు కొంటున్నారు. (దూది సలహా జాతీయస్థాయిలో అమలవుతోందన్నమాట.) ఈ సర్వే ఆధారంగా భారత్ పేరులోంచి తీసుకుని 'భ' అనే కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. 2024లో పత్రికల్లో బాగానే వచ్చింది. పురిటి పిల్లల నుంచి పెద్దవాళ్ళ దాకా మొత్తం ఎనిమిది తరగతులు. 1 నుంచి 3 ఏళ్ళ పిల్లలకి రెండో తరగతి.

నాకు చాలా సంతోషమేసింది. ఏడుగురూ నా కూతురి గురించి చెప్పింది నిజానికి దేశం మొత్తం గురించి అన్నమాట. కానీ వివరాలు చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. సర్వేలో కొలిచింది 5 ఏళ్ళ నుంచి 55 ఏళ్ళ వాళ్ళని. రెండేళ్ళ పిల్లకి తరగతి ఉంది కానీ కొలిచిన లక్షమందిలో రెండేళ్ళ పిల్ల లేదు. రెండేళ్ళ పిల్లని స్కానర్ మీద కదలకుండా నిలబెట్టడం ఎంత కష్టమో మా ఇంట్లో తెలుసు కాబట్టి వాళ్ళని తప్పుపట్టను. కానీ ఐదేళ్ళ పాదాన్ని చిన్నది చేస్తే రెండేళ్ళ పాదం రాదు. మడమ, వేళ్ళు, అరికాలు, ఒక్కోటి ఒక్కో వేగంతో మారతాయి. మెత్తటి ఎముకలున్న వయసుకే కొలత లేకపోతే ఎలా? ఎవరైనా పూనుకుంటే అంగన్‌వాడీల్లో పిల్లల్ని తూకం వేసే రోజే కాలు కింద ఒక కాగితం పరిస్తే సరిపోతుంది. అంత పెద్ద నెట్‌వర్కు మనకి ఉండనే ఉంది.

ఈలోగా మా ఇంట్లో ఇంకో చర్చ. విషయం ఫోనులో విన్న మా అమ్మ ఒక్కమాటలో తేల్చేసింది. "బిడ్డకు మెట్లెందుకురా ఇప్పుడు? ఊరకే ఇడిసిపెట్టు, దాని కాళ్ళు అది పెంచుకుంటాది." (మా వైపు చెప్పుల్ని మెట్లు అంటారు. బెంగుళూరులో పుట్టిన నా మేనల్లుడికి ఒకసారి "మెట్లు యాడ పెట్టినావురా" అంటే మిద్దె ఎక్కే మెట్లు చూపించాడు.) 

అమ్మది పల్లెటూరి చాదస్తం అని కొట్టిపారేయడానికి లేదు. మణిపాల్ వైద్య కళాశాల నుంచి యు.బి. రావు, బెంజమిన్ జోసెఫ్ అనే ఇద్దరు డాక్టర్లు 1992లో ఒక పరిశోధన ప్రచురించారు. 4 నుంచి 13 ఏళ్ళ పిల్లలు 2,300 మంది పాదముద్రలు తీసుకుని చూశారు. చదును పాదాలు చెప్పులూ బూట్లూ వాడేవాళ్ళలో 8.6 శాతం, ఏమీ వేసుకోనివాళ్ళలో 2.8 శాతం. అందులోనూ ముందు మూసి ఉన్న బూట్లు వేసుకునేవాళ్ళలో ఎక్కువ, స్లిప్పర్లూ శాండిల్సూ వేసుకునేవాళ్ళలో తక్కువ, ఉత్తకాళ్ళవాళ్ళలో అన్నిటికన్నా తక్కువ. 2009లో బెల్జియం పరిశోధకులు మన దేశంలో ఉత్తకాళ్ళతో నడిచే అలవాటున్నవాళ్ళని, చెప్పులు వేసుకునే భారతీయుల్ని, పాశ్చాత్యుల్ని పోల్చి చూశారు. ఉత్తకాళ్ళవాళ్ళ పాదాలు ముందువైపు వెడల్పు, బరువు కూడా పాదమంతా సమంగా పడుతుంది. మా నాయన గెనిమ మీద నడిచిన కాళ్ళకి ఇన్నాళ్ళకి శాస్త్రం తోడొచ్చింది!

అలాగని ఉత్తకాళ్ళ భజన చేయబోవట్లేదు. ఉత్తకాళ్ళతో తిరిగినవాళ్ళకి తుమ్మముల్లు ఎంత లోతుకి దిగుతుందో తెలుసు. ఏప్రిల్లో మా వైపు తారురోడ్డు మీద మధ్యాహ్నం పది అడుగులు వేస్తే బొబ్బలే. అంతకన్నా ముఖ్యం కొంకిపురుగు. మట్టిలో ఉండే దాని పిల్లలు అరికాలి చర్మంలోంచే లోపలికి పోయి, పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. అంగన్‌వాడీల్లో, బళ్ళలో నులిపురుగుల మాత్ర మింగించేది వీటికీ కలిపే. కాబట్టి బయట మట్టిలోకి వెళ్ళేటప్పుడు కాలికి ఏదో ఒకటి ఉండాల్సిందే. కానీ ఆ ఏదో ఒకటి చేయాల్సిన పని ముల్లునీ, వేడినీ, పురుగునీ ఆపడం. అంతే. పాదానికి ఆకారం ఇవ్వడం దాని పని కాదు. ఇంట్లో, గచ్చు మీద, తరగతి గదిలో చాప మీద ఆ పనేదీ లేదు కాబట్టి అక్కడ బూటూ అక్కర్లేదు. మా చర్చ అంతా తిరిగి తిరిగి ఇక్కడ ఆగింది.

ఇక ఎలా కొలవాలో నేను నేర్చుకున్నది రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

సాయంత్రం కొలవండి, పగలంతా ఆడి కాలు కొంచెం ఉబ్బి ఉంటుంది. గోడకి ఆనించి నేల మీద తెల్లకాగితం పరిచి, మడమ గోడకి తగిలేట్టు పాపని నిలబెట్టండి. కూర్చోబెట్టి కొలవకూడదు. బరువు పడితేనే పాదం విచ్చుకుంటుంది. పెన్సిలు నిట్టనిలువుగా పట్టుకుని చుట్టూ గీయండి, వాలిస్తే రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న వేలి దాకా పొడవు, వేళ్ళ మొదట్లో బాగా వెడల్పున్న చోట అడ్డం కొలవండి. రెండు కాళ్ళూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. ఆ గీతని అట్ట మీద కత్తిరించి జేబులో పెట్టుకోండి. అంగట్లో బూటు లోపలి అట్ట బయటికి లాగి దాని మీద ఇది పెట్టి చూడండి. పక్కల బయటికి వస్తే అది మీ బూటు కాదు, రేటు ఎంత తగ్గించినా సరే. తర్వాత బూటుని చేత్తో వంచండి, వేళ్ళ మొదట్లో సులువుగా వంగాలి, మధ్యలో విరిగినట్టు వంగకూడదు. పట్టీ కిందిదాకా తెరుచుకోవాలి, ఎందుకంటే వెడల్పు కాళ్ళు తరచు ఎత్తుగా కూడా ఉంటాయి. చివరగా పాపకి వేసి పదినిమిషాలు నడిపించి, విప్పి, ఎర్రగీతలున్నాయేమో చూడండి. రెండేళ్ళ వయసులో పాదం నెలకి మిల్లీమీటరు పైనే పెరుగుతుంది కాబట్టి రెండు నెలలకోసారి ఈ తతంగం మళ్ళీ చేయాలి.

అట్ట జేబులో పెట్టుకోమన్నాను కదా, చైనాలో దీని మీద ఓ పాత కథ ఉంది. రెండు వేల ఏళ్ళ కిందటి హాన్ ఫై గ్రంథంలోది. ఝెంగ్ రాజ్యంలో ఒకడు కాలి కొలత ఇంట్లో తీసుకుని, దాన్ని మరిచిపోయి సంతకి చెప్పులు కొనడానికి వెళ్ళాడు. కొలత కోసం మళ్ళీ ఇంటికి పరిగెత్తి తిరిగొచ్చేసరికి సంత ముగిసిపోయింది. కాలు దగ్గరే ఉందిగా, తొడిగి చూసుకోకపోయావా అని ఎవరో అడిగితే, నాకు కొలత మీద ఉన్న నమ్మకం కాలి మీద లేదు అన్నాడట. వయసు అడిగి సైజు నిర్ణయించే ప్లేస్కూలు వాళ్ళకి ఈ కథ పంపిద్దామనుకున్నా గానీ, మా ఆవిడ వద్దంది.

చివరికి పాపకి కాలికి పట్టినవి దొరికింది మదనపల్లెలో. బస్టాండు దగ్గర చెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. పండక్కి ఊరికి వెళ్తూ అక్కడ దిగినప్పుడు అట్ట తీసి చూపించాను. ఆయన అట్టని పక్కన పెట్టి, పాత పేపరు నేల మీద పరిచి "బిడ్డను నిలబెట్టు సామీ" అన్నాడు. కొలిచే తెచ్చానన్నాను. "నువ్వు కొలిచింది బాగానే ఉంటాది. నేను చెయ్యాలంటే నేను చూడాల గదా" అన్నాడు. వేళ్ళు కదుపుతాదా లేదా అని చూస్తూ, రెండు కాళ్ళూ గీసుకున్నాడు. చక్కెర జబ్బు వాళ్ళ చెప్పులకి వాడే మెత్తటి ఎం.సి.ఆర్. షీటు అడుగున, పైన మెత్తటి తోలు పట్టీలు రెండు, మడమ వెనక ఒకటి. ముందు తెరిచే ఉంటుంది కానీ అడుగు షీటు వేళ్ళకన్నా ఒక వేలెడు ముందుకి ఉంటుంది, రాయి తగిలితే షీటుకే తగులుతుంది. "మూడు నెలలే వస్తాయి సామీ, మళ్ళా తీసుకురా" అన్నాడు. కంపెనీ వాళ్ళెవరూ గడువు తేదీ ఇంత నిజాయితీగా చెప్పలేదు నాకు. 350 రూపాయలు తీసుకున్నాడు.

పాప వాటిని మొదటి పదినిమిషాలు అనుమానంగా చూసింది. తర్వాత బస్టాండంతా నాతో పరుగులు పెట్టించింది. పీటీఎంలో మా అమ్మ వాటిని చేతిలోకి తీసుకుని, వంచి, లోపల వేలు పెట్టి తడిమి, "ఇవి మెట్లు" అంది. సర్టిఫికెట్ వచ్చేసింది.

ఇక ప్లేస్కూలు. పాపతో గీసిన కాగితం, వాళ్ళిచ్చిన బూటు లోపలి అట్ట పక్కపక్కన పెట్టుకుని వెళ్ళి మేడమ్‌ని కలిశాను. గొడవ పడాలని వెళ్ళలేదు. 6.6, 5.7 అని రెండు అంకెలు చూపించి, "ఈ 9 మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలో మీరే చెప్పండి మేడమ్" అన్నాను. ఆవిడ అట్టని తీసి కాగితం మీద పెట్టి చూసింది. చిటికెన వేలు పూర్తిగా గీత బయట ఉంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆయాని పిలిచి, లోపల ఇంకో నలుగురు పిల్లల బూట్లు విప్పించింది. ఇద్దరికి ఎర్రగీతలున్నాయి. ఆ వారం నుంచి గదిలో అందరూ ఉత్తకాళ్ళే, ఆటస్థలంలో ఎవరి శాండిల్స్ వాళ్ళవి. వార్షికోత్సవం నాడు మాత్రం నల్లబూట్లు తప్పవట, ఫొటోల కోసం. ఆరోజు సంగతి ఆరోజు చూసుకుందాం.

అందరికీ మదనపల్లె బస్టాండు పెద్దాయన దొరకడని నాకు తెలుసు. ఆయన తర్వాత ఆ పని చేసేవాళ్ళు ఆయన ఇంట్లోనే లేరట, కొడుకు బెంగుళూరులో సెక్యూరిటీ పనికి వచ్చేశాడు. కాబట్టి జవాబు అంగళ్ళ నుంచే రావాలి. 'భ' సైజులు అలమార్లకి ఎక్కేదాకా కాచుకోకుండా మనం చేయగలిగిన చిన్న పని ఒకటుంది. ఈసారి పిల్లలకి బూట్లు కొనేటప్పుడు రంగు, రేటు కన్నా ముందు "లోపల వెడల్పు ఎంత?" అని అడగండి. ఆ కుర్రాడికి తెలీదు. పాపం, అతనికి ఎవరూ చెప్పలేదు. పైకి ఫోన్ చేసి అడుగుతాడు, వాళ్ళకీ తెలీదు. కానీ శనివారం పూట ఒకే అంగట్లో పదిమంది అదే అడిగితే సోమవారానికి ఎవడో ఒకడు స్కేలు తీస్తాడు. మా పని అనుభవంలో, బగ్ సరిచేయించడానికి ఇంతకన్నా మంచి దారి నేను చూడలేదు.